ఫ్రిజ్‌లో పెట్టేస్తే సరిపోదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం పాఠకుల లేఖల్లో ఒక పాడి రైతు రాసిన ఉత్తరం చదివాను. మూడుసార్లు ఇంజక్షన్ (కృత్రిమ గర్భధారణ) చేయించినా గేదె చూడి నిలవలేదని ఆయన బాధ. వీర్యాన్ని గడ్డకట్టించి దాచే ద్రవ నత్రజని క్యాన్లు లేని రోజుల్లో ఐసులో పెట్టి తెచ్చిన వీర్యంతోనే పశువులు చక్కగా చూలు కట్టేవని వాళ్ళ నాన్నగారు చెప్పేవారట. ఇప్పుడు ఇంటింటికీ ఫ్రిజ్ ఉంది కదా, మంచి పోతు వీర్యం తెచ్చి అందులో దాచుకుని ఊళ్ళోనే వాడుకుంటే ఏం పోయింది అని అడిగారు. అది చదివినప్పటి నుంచి చెయ్యి ఊరుకోవడం లేదు, ఎందుకంటే ఆ ఐసు ఫ్లాస్కు మోసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆయన అడిగిన దాంట్లో సగం చాలా మంచి ప్రశ్న, మిగతా సగం చేస్తే మాత్రం గేదె నాలుగోసారి కూడా తిరగపొర్లుతుంది, అంటే చూడి నిలవక మళ్ళీ ఎదకొస్తుంది.

నేను 1976లో పశువుల ఆసుపత్రిలో సహాయకుడిగా చేరాను. మా కేంద్రం చోడవరం పక్కన. వీర్యం జిల్లా కేంద్రం నుంచి బస్సులో వచ్చేది, వారానికి రెండుసార్లు. వెడల్పు మూతి ఉన్న థర్మాస్ ఫ్లాస్కు, అడుగున ఐసు ముక్కలు, దాని మీద దూది, దూది మీద గుడ్డ, ఆ గుడ్డలో మళ్ళీ పాత న్యూస్ పేపరు చుట్టిన చిన్న గాజు సీసాలు. సీసాకి ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద ఆంబోతు నంబరు, తీసిన తేదీ పెన్నుతో రాసేవారు. చెమ్మకి ఆ సిరా పాకిపోయి 3 అన్నది 8లా కనబడేది, అది వేరే గోల. బస్సు పొద్దున్న తొమ్మిదికి రావాలి, పదకొండుకి వచ్చినా ఆశ్చర్యం లేదు. కండక్టరు ఫ్లాస్కుని ఎక్కడ పెట్టాడన్నదే మాకు టెన్షన్. ఇంజను బానెట్ మీద పెట్టాడంటే ఆ రోజుకి అయిపోయినట్టే. అందుకని నెలకోసారి కండక్టరుకి మాడుగుల హల్వా పొట్లం ఇచ్చి, బాబ్బాబు నీ సీటు కింద పెట్టు నాయనా అని బతిమాలుకునేవాళ్ళం. లెక్కల్లో రాయని ఖర్చు అది.

ఫ్లాస్కు దిగగానే ఆసుపత్రికి పరుగు. మైక్రోస్కోపు కింద గాజు పలక కాస్త గోరువెచ్చగా చేసి ఒక చుక్క వేసి చూసేవాళ్ళం. చల్లగా ఉన్నప్పుడు కణాలు కదలవు, నిద్రపోతున్నట్టుంటాయి. వేడి తగలగానే ఒక్కొక్కటే మేలుకుని ముందుకు ఈదడం మొదలుపెడతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పాతికేళ్ళు చూసినా ఆ ముచ్చట తీరలేదనుకోండి. పదింట ఆరేడు సూటిగా ఈదితే సంతోషం. సగం కూడా కదలకపోతే సీసా పారబోయాలి. పారబోయాలని రూలే గానీ, బయట చెట్టు కింద అయిదు ఆవులు కట్టేసి రైతులు పొద్దున్నుంచి కూర్చుని ఉంటే పారబోయడానికి చెయ్యి రాదు. ఈ మాట ఇప్పుడు చెప్పుకుంటే నాకేం పోదు.

అసలు సంగతి ఫ్రిజ్ గురించి కదా. నేను చేరిన రెండో నెలలో చేసిన వెధవ పని ఒకటుంది. ఆ వేళ మా డాక్టరుగారు అక్కడే ఆంబోతు నుంచి తీయించి, పలచన చేసి, నా చేతికి గొట్టం ఇచ్చి చల్లబెట్టమన్నారు. నేను తిన్నగా తీసుకెళ్ళి ఐసు గిన్నెలో గుచ్చాను. ఎంత త్వరగా చల్లబడితే అంత మంచిది, పాలు అలాగే కదా చేస్తాం అనుకున్నాను. గంట తర్వాత చుక్క వేసి చూస్తే కణాలు చక్రంలా గిరగిరా తిరుగుతున్నవి కొన్ని, తోక వంకర తిరిగి చుట్టుకుపోయినవి కొన్ని, కదలకుండా పడున్నవి ఎక్కువ. డాక్టరుగారు తిట్టలేదు. ఇంట్లో నెయ్యి ఎప్పుడు పేరుకుంటుందిరా అని అడిగారు. చలికాలంలో అన్నాను. దీనిక్కూడా ఒళ్ళంతా నెయ్యేరా, నువ్వు ఒక్కసారిగా పేరబెట్టేశావు అన్నారు.

అంతకంటే బాగా ఇంకెవరూ నాకు చెప్పలేదు. వీర్యకణం చుట్టూ ఉండే పలచటి పొర చాలావరకు కొవ్వులతో తయారవుతుంది. ఒంటి వేడి దగ్గర అది మెత్తగా, జారుడుగా ఉంటుంది. చల్లబడేకొద్దీ కొవ్వులు పేరుకుంటాయి. అన్ని కొవ్వులూ ఒకే డిగ్రీ దగ్గర పేరుకోవు, కొబ్బరినూనె ముందు గడ్డకడితే నువ్వులనూనె అలాగే ఉంటుంది చూశారా, అలా. నెమ్మదిగా దించితే పొర సర్దుకుంటుంది. గబుక్కున దించితే పేరినచోటికీ పేరనిచోటికీ మధ్య చిల్లులు పడి లోపలి సరుకు బయటికి కారిపోతుంది, బయటి కాల్షియం లోపలికి దూరుతుంది. దీన్నే కోల్డ్ షాక్ అంటారు. 20 డిగ్రీల నుంచి 5 డిగ్రీల దాకా ఉన్న దారిలోనే ప్రమాదం ఎక్కువ. ఒకసారి తగిలిన దెబ్బ మళ్ళీ వేడి చేస్తే మానదు.

అందుకే ఆ తర్వాత చేసిన పద్ధతి వేరు. వీర్యం గొట్టాన్ని అంతే వేడిగా ఉన్న నీళ్ళ బీకరులో నిలబెట్టి, ఆ బీకరుని మొత్తంగా ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళం. గొట్టం ఒక్కటీ అయితే పావుగంటలో చల్లబడిపోతుంది, చుట్టూ అరలీటరు నీళ్ళు ఉంటే అవి చల్లబడే దాకా అదీ చల్లబడదు. కనీసం గంటన్నర, రెండు గంటలు పట్టాలి 5 డిగ్రీలకి చేరడానికి. యంత్రం లేదు, గడియారం లేదు, ఒక బీకరు నీళ్ళు. ఉత్తరం రాసిన రైతుగారూ, మీ ఫ్రిజ్‌లో మీరు నేరుగా సీసా పెట్టారంటే జరిగేది నేను ఐసు గిన్నెలో చేసిందే, కాస్త తీరిగ్గా. పైగా ఇంటి ఫ్రిజ్ తలుపు రోజుకి ముప్పైసార్లు తెరుస్తారు, పెరుగు కోసం ఒకరు, చల్లనీళ్ళకి ఒకరు. కరెంటు పోతే సరేసరి. పైన ఐసు గదికి ఆనుకుని పెడితే రాత్రికి రాత్రి సున్నాకి పడిపోయి గడ్డకడుతుంది, గ్లిసరాల్ (గడ్డకట్టేటప్పుడు కణాన్ని కాపాడే ద్రవం) కలపకుండా గడ్డకట్టిన వీర్యంలో బతికేది ఏమీ ఉండదు.

ఇంకో సంగతి, చల్లబెట్టే ముందు పలచన చేసే ద్రవం. ఉత్త వీర్యాన్ని ఎంత నెమ్మదిగా చల్లబెట్టినా నిలవదు. 1940లో అమెరికాలో విస్కాన్సిన్‌లో ఫిలిప్స్, లార్డీ అనే ఇద్దరు ఫాస్ఫేటు ద్రవంలో కోడిగుడ్డు పచ్చసొన కలిపి వాడితే కణాలు చలిని తట్టుకుంటాయని చూపించారు. ఆ మరుసటి ఏడే సాలిస్‌బరీ బృందం ఫాస్ఫేటు బదులు సోడియం సిట్రేటు వాడింది. దాంతో మైక్రోస్కోపులో మసక తగ్గి కణాలు స్పష్టంగా కనబడ్డాయి. మేము 1976లో చేసిందీ అదే, 2.9 శాతం సిట్రేటు నీళ్ళు, అందులో అయిదో వంతు పచ్చసొన, పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్. ఆ గుడ్డు పని నాకు భలే ఇష్టం. ఆ రోజు పెట్టిన గుడ్డు కావాలి. స్పిరిటుతో తుడిచి పగలగొట్టి, తెల్లసొన వదిలేసి, పచ్చసొనని చెదరకుండా వడపోత కాగితం మీద అటూ ఇటూ దొర్లిస్తే అంటుకున్న తెల్లసొనంతా కాగితం పీల్చేస్తుంది. ఆ తర్వాత సూదితో చిన్న పోటు పొడిస్తే లోపలి పసుపు ఒక్కటే ధారగా కొలపాత్రలోకి జారుతుంది, సంచి కాగితం మీదే మిగులుతుంది. మిగిలిన తెల్లసొన మా అటెండరు ఇంటికి పట్టుకెళ్ళేవాడు, వాళ్ళావిడ అట్లు వేసేదట. పచ్చసొనలో ఉండే కొవ్వూ మాంసకృత్తీ కలిసిన సన్నటి రేణువులు కణం పొరకి కాపలా కాస్తాయి. ఎనభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ చాలా చోట్ల పచ్చసొనే వాడుతున్నారు, గుడ్డుతో రోగక్రిములు వస్తాయన్న భయంతో సోయా లెసిథిన్ వైపు కొందరు మళ్ళారు గానీ. కొబ్బరినీళ్ళతో కూడా ద్రవాలు తయారుచేసి చూశారు, కోనసీమవాళ్ళు ఈ మాట విని సంతోషించాలి.

సరే, పద్ధతిగానే చల్లబెట్టారనుకుందాం, 5 డిగ్రీల దగ్గరే కదలకుండా ఉంచారనుకుందాం. ఎన్నాళ్ళు ఉంటుంది? వాళ్ళ నాన్నగారి కబుర్లలో ఈ ప్రశ్న ఉండి ఉండదు. మేము రెండు రోజులు ధైర్యంగా వాడేవాళ్ళం, మూడో రోజు దేవుడి మీద భారం వేసి వాడేవాళ్ళం. చలిలో కణం పని నెమ్మదిస్తుందే గానీ ఆగదు. ద్రవంలో ఉన్న చక్కెర తింటూనే ఉంటుంది, లాక్టిక్ ఆమ్లం వదులుతూనే ఉంటుంది, పెరుగు పులిసినట్టు ద్రవం పులుస్తుంది. అంతకంటే చెడ్డది ఇంకొకటి, చచ్చిపోయిన కణాలు ఊరుకోవు. వాటిలోంచి వచ్చే ఒక ఎంజైము, ద్రవంలో ఉన్న అమైనో ఆమ్లాలతో కలిసి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, పుండు కడిగితే బుసబుస నురగ వస్తుందే అదే మందు. అది పక్కన బతికున్నవాటిని చంపుతుంది, అవి చచ్చి ఇంకాస్త పుట్టిస్తాయి. వడ్డీకి వడ్డీ లాగ. అందుకే మొదట్లో చచ్చినవి ఎక్కువున్న సీసా మూడో రోజుకి ఖాళీ, మొదట్లో బాగున్నది ఇంకా లాక్కొస్తుంది. వెలుతురు తగిలినా ఇదే వరస, అందుకే సీసాలకి కాగితం చుట్టేది. సీసా నిండా మూతి దాకా పొయ్యమనేవారు, గాలి ఖాళీ ఉంటే బస్సు కుదుపులకి చిలికినట్టయి నురగ కడుతుందని.

ఇందులో మోసపోయే చోటు ఒకటి ఉంది. మూడో రోజు, నాలుగో రోజు కూడా చుక్క వేసి చూస్తే కణాలు కదులుతూ కనబడతాయి. కదులుతున్నాయి కదా అని వేసేవాళ్ళం. కానీ చూడి నిలిచే శక్తి కదలిక కంటే ముందే పోతుంది. అండం దాకా వెళ్ళి లోపలికి దూరాలంటే తలకి ఉన్న టోపీ లాంటి సంచి చెదరకుండా ఉండాలి, లోపలి జన్యు పదార్థం దెబ్బతినకుండా ఉండాలి. మన పల్లెటూరి మైక్రోస్కోపులో అవేవీ కనబడవు. నా రిజిస్టర్లో మొదటి రోజు వేసినవాటికీ మూడో రోజు వేసినవాటికీ చూడి లెక్క చూసుకుని ఒకసారి చాలా సిగ్గుపడ్డాను, అంకెలు ఇప్పుడు గుర్తులేవు, సిగ్గు గుర్తుంది. ఆ రోజుల్లోనే ఒక ముసలామె, ముర్రా గేదె ఆవిడది, నాలుగోసారి ఎదకి తోలుకొచ్చి అందరి ముందూ అడిగేసింది, ఏం నాయనా, నా గేదెకి వీర్యం ఎక్కిస్తున్నావా ఐసునీళ్ళు ఎక్కిస్తున్నావా అని. నాకు నోట మాట రాలేదు.

మరి ఇన్ని బాధలున్నదాన్ని వదిలేసి అందరూ నత్రజనికి మారడంలో తప్పేముంది అంటారా. తప్పేమీ లేదు. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ గ్లిసరాల్ సంగతి కనిపెట్టాక దారి తెరుచుకుంది. మైనస్ 196 డిగ్రీల దగ్గర అసలు ఏ రసాయన చర్యా నడవదు కాబట్టి ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆంబోతు చచ్చిపోయాక కూడా దాని దూడలు పుడతాయి. ఒకప్పుడు ఒంగోలు గిత్తలు ఓడలెక్కి సముద్రం దాటి బ్రెజిల్ చేరాయి, ఇప్పుడు ఆ పని జేబులో పట్టే గొట్టం చేస్తుంది. ఇంకా పెద్ద లాభం రోగాలది. ఇవాళ తీసిన వీర్యాన్ని వెంటనే బయటికి పంపకుండా పక్కన పెట్టి, పరీక్షలన్నీ అయ్యాకే వదలొచ్చు. చల్లటి వీర్యానికి ఆ తీరిక లేదు, తీసిన పూటే బయల్దేరాలి, అంటే ఆంబోతుకి బ్రూసెల్లా (పశువులు ఈసుకుపోయేలా చేసే జబ్బు), క్షయ లాంటివి లేవని ముందే రూఢి చేసుకుని ఉండాలి. ఊళ్ళో తిరిగే పోతు నుంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టుకుందాం అన్న ఆలోచన నాకు అన్నిటికంటే భయం కలిగించింది ఇందుకే. ఒక పోతు రోగం ఊరి మందకంతా అంటించిన వాళ్ళమవుతాం.

కానీ గేదెల విషయంలో నాకో పేచీ ఉంది, దాని కోసమే ఇంత ఉత్తరం. గడ్డకట్టించి కరిగించే పనిలో సుమారు సగం కణాలు పోతాయి. కరిగాక సగం కదిలితే చాలు, పాస్ అన్నట్టే, మన దేశపు ప్రమాణం కూడా 50 శాతమే. ఆ నష్టం పూడ్చడానికే ఒక్కో స్ట్రాలో, అంటే ఒక డోసు వీర్యం పట్టే సన్నటి గొట్టంలో, 2 కోట్ల కణాలు నింపుతారు. దున్నపోతు కణం ఆంబోతు కణం కంటే ఈ గడ్డకట్టే దెబ్బకి ఇంకా సున్నితం, దాని పొరలో కొవ్వుల పాళ్ళే వేరు. చల్లబెట్టి వెంటవెంటనే వాడితే ఆ గడ్డకట్టే గండం అసలు లేదు కదా. 1943లో అలహాబాద్ వ్యవసాయ సంస్థలో కృత్రిమ గర్భధారణతో దేశంలో మొదటి గేదె దూడ పుట్టిందే, అప్పటికి గ్లిసరాల్ సంగతి ఎవరికీ తెలియదు.

న్యూజీలాండ్ వాళ్ళని చూడండి. అక్కడ ఆవులన్నీ గడ్డి బాగా పెరిగే కాలానికి ఈనేలా ఒకే సీజనులో కట్టిస్తారు, కొద్ది వారాల్లో లక్షల ఆవులకి ఇంజక్షన్లు పడాలి. అన్ని ఆవులకీ పేరున్న ఆంబోతుల వీర్యం సరిపోవాలంటే గడ్డకట్టించి సగం పోగొట్టుకుంటే కుదరదని, షానన్ అనే శాస్త్రవేత్త 1960ల్లో కాప్రోజెన్ అనే ద్రవం తయారుచేశారు. అందులో పచ్చసొన తక్కువ, ఇందాక చెప్పిన పెరాక్సైడుని విరిచేసే కెటలేజ్ అనే ఎంజైము ఉంటుంది, నత్రజని వాయువు పట్టించి ఆక్సిజన్ని తరిమేస్తారు. దాన్ని 5 డిగ్రీలకి కూడా దించరు, గది ఉష్ణోగ్రతలోనే ఉంచి రెండు మూడు రోజుల్లో వాడేస్తారు. అలా చేస్తే డోసుకి పది ఇరవై లక్షల కణాలే సరిపోతున్నాయి, మన 2 కోట్లతో పోల్చుకోండి. ఒక ఆంబోతు ఒక్కసారి ఇచ్చిన వీర్యంతో వేల ఆవులు. వాళ్ళ గది వేరు, మన మే నెల గది వేరు, అది ఒప్పుకుంటాను. చోడవరంలో మిట్టమధ్యాహ్నం గది ఉష్ణోగ్రతలో పెడితే గుడ్డు ఉడుకుతుంది. అందుకే మనకి 5 డిగ్రీల దారే దారి.

మన గేదెలు కూడా ఒక రకంగా సీజను ప్రకారమే ఎదకొస్తాయి. వేసవిలో మూగ ఎద, అరవవు, తీగలు వెయ్యవు (ఎదలో కారే జిగట ద్రవాన్నే తీగ అంటాం), రైతుకి తెలియనే తెలియదు. వానలు తగ్గి చలిగాలి తగిలిన దగ్గర నుంచి సంక్రాంతి దాటే దాకా వరసబెట్టి వస్తాయి. అదే మనకి వాతావరణం చల్లగా ఉండే కాలం, ఐసు కరగని కాలం. విశాఖపట్నంలో, నంద్యాలలో, అటు కరీంనగర్‌లో ఘనీకృత వీర్య కేంద్రాలు ఉన్నాయి, పరీక్షలు చేసిన దున్నపోతులు ఉన్నాయి, చదువుకున్న మనుషులు ఉన్నారు. ఆ కేంద్రాలకి మూడు నాలుగు గంటల దూరంలో ఉన్న మండలాల్లో, చలికాలం నాలుగు నెలలు, గేదెలకి మాత్రమే చల్లటి వీర్యం పంపి చూడండి, పక్కనే మామూలు స్ట్రాలతో కూడా చేయించి రెండు లెక్కలూ పెట్టండి. రెండో దాంతోనే ఎక్కువ నిలిస్తే నా ఉత్తరం చింపేయొచ్చు. రోడ్లు బాగుపడ్డాయి, నేను హల్వా పొట్లాలిచ్చి తెప్పించుకున్న సీసా ఇప్పుడు మోటారు సైకిలు మీద గంటన్నరలో వస్తుంది. కరోనా టీకాల పుణ్యమా అని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచే పెట్టెలు, ఉష్ణోగ్రత తనంతట తానే రాసుకునే మిషన్లు మారుమూల ఆసుపత్రులకి కూడా తెలుసు. పోలియో చుక్కల సీసా మీద చిన్న చతురస్రం ఉంటుంది, వేడి తగిలిన కొద్దీ నల్లబడుతుంది, చుట్టూ ఉన్న వలయం రంగుకి వచ్చిందంటే నర్సమ్మ ఆ సీసా పక్కన పడేస్తుంది. అలాంటి చుక్క ఒకటి వీర్యం సీసా మీద ఉంటే, నా రిజిస్టరులో ఎన్ని మూడో రోజు ఇంజక్షన్లు తప్పేవో అనిపిస్తుంది.

కష్టమైన పని ఏమిటంటే పారబోయడం. పెట్టెలు కొనొచ్చు, థర్మామీటర్లు కొనొచ్చు. 48 గంటలు దాటింది, ఇంకా కదులుతోంది, బయట రైతు ఉన్నాడు, అయినా పారబొయ్యి అని చెప్పే పై అధికారి కావాలి, పారబోసినందుకు సంజాయిషీ అడగని అధికారి కావాలి. మా రోజుల్లో మిగిలిన సీసాలకి లెక్క చెప్పమనేవారు. లెక్క చెప్పలేక ఏదో ఒక గేదెకి వేసేసి ఖర్చు రాసేవాళ్ళం. ఆ పద్ధతి మార్చకుండా చల్లటి వీర్యం తెస్తే మళ్ళీ ఐసునీళ్ళే.

ఇక ఆ రైతుగారి మూడు ఇంజక్షన్ల సంగతి. మూడు ఎదలంటే మూడు ఇరవై ఒకట్లు, 63 రోజులు ఊరికే మేపినట్టు. తప్పు వీర్యానిదే అని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. పొద్దున్న ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున్న చేయించాలి, అది తప్పినా నిలవదు. గర్భసంచిలో చీము ఉన్నా, మేతలో ఖనిజాలు తక్కువైనా నిలవదు. కానీ నత్రజని స్ట్రా కూడా చేతిలో ఎన్ని రకాలుగా చెడుతుందో కళ్ళారా చూశాను కాబట్టి, మీరు చూసుకోవలసినవి చెబుతాను. పోయినేడు మా చుట్టాల ఊళ్ళో ఒకతను ఇంజక్షన్‌కి వచ్చాడు, స్ట్రా చొక్కా జేబులో ఉంది! దార్లో కరుగుతుంది కదండీ, టైము కలిసొస్తుంది అన్నాడు. ఏమనాలి చెప్పండి. అతను ఎక్కడివాడన్నది అనవసరం, అలాంటివాళ్ళు అన్నిచోట్లా ఉన్నారు. అతని పక్కనే పది ఊళ్ళు తిరిగి ఒళ్ళు దాచుకోకుండా పనిచేసే గోపాలమిత్రలూ (ఊళ్ళలో ఈ ఇంజక్షన్లు చేసే కార్యకర్తలు) ఉన్నారు.

క్యాన్‌లో స్ట్రాలుండే గంపని మెడ దాటి పైకెత్తకుండా, పది సెకన్లలోపే స్ట్రాని పట్టకారుతో తీసి, 37 డిగ్రీల నీళ్ళలో 30 సెకన్లు ఉంచాలి. థర్మామీటరుతో చూసిన నీళ్ళు, టీ కాచిన గిన్నెలో మిగిలినవి కాదు. తర్వాత గుడ్డతో తడి పూర్తిగా తుడవాలి, ఒక్క నీటి బొట్టు కలిసినా కణాలు ఉబ్బి పగులుతాయి. స్ట్రాని ఇంజక్షన్ చేసే గన్‌కి ఎక్కించాక ఎండలో నిలబడి కబుర్లు చెప్పకూడదు, చలికాలం పొద్దున్న అయితే గన్‌ని చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకుని పశువు దగ్గరికి నడవాలి, ఎందుకంటే కరిగిన వీర్యానికి మళ్ళీ చలి తగిలితే అదే కోల్డ్ షాక్. వెతికిన స్ట్రా దొరకలేదని గంప పైకెత్తి అరనిమిషం వెతికి మళ్ళీ ముంచితే, అందులో మిగిలిన స్ట్రాలన్నిటికీ ఎంతోకొంత దెబ్బ తగులుతుంది. అది పైకి కనబడదు, తర్వాతి ఊళ్ళో ఇంకెవరి గేదెకో తెలుస్తుంది. క్యాన్‌లో నత్రజని ఎంతుందో పుల్ల ముంచి తీస్తే మంచు గీత చెబుతుంది. ఇవన్నీ రైతు చూస్తూ ఉండొచ్చు, అడగొచ్చు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, పాలల్లో వెన్న శాతం తగ్గిందంటే కేంద్రంలో ఎంత గొడవ చేస్తాం!

రైతుగారూ, మీరు అడిగిన దాంట్లో మంచి సగం ఏమిటో ఇప్పటికి తెలిసే ఉంటుంది. మీ నాన్నగారు చెప్పింది అబద్ధం కాదు, అప్పుడు కొన్ని గేదెలు నిజంగానే బాగా నిలిచాయి, ఫ్లాస్కు టైముకి వచ్చిన రోజుల్లో. మీ ఫ్రిజ్‌లో మాత్రం పెరుగే ఉంచండి. ఈసారి గేదె తీగ వేసినప్పుడు ఆ తీగ గాజులా తేటగా ఉందా, మబ్బుగా ఉందా చూడండి. మబ్బుగా ఉంటే ఇంజక్షన్ ఆపి ముందు డాక్టరుగారికి చూపించండి. తేటగా ఉంటే, వచ్చినతన్ని నీళ్ళ గిన్నెలో థర్మామీటరు పెట్టమనండి.

ఇట్లు,
విశ్రాంత పశువైద్య సహాయకుడు,
చోడవరం దగ్గర, అనకాపల్లి జిల్లా